జర్మనీ గురించి చుట్టాలు చెప్పినవి: ఓ గుంటూరు అమ్మకు జవాబు

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. ఏసీ కాలేజీలో డిగ్రీ చదివి, ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయికి జర్మనీలో మాగ్డెబర్గ్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. అక్టోబరులో క్లాసులు. ఆ వార్త చెప్పిన రోజు నుంచి ఇంట్లో ప్రశాంతత లేదు. మా మరిది ‘హిట్లర్ పుట్టిన దేశానికి పిల్లని పంపుతావా వదినా’ అంటాడు. పది రోజుల యూరప్ టూరు వెళ్లొచ్చిన మా ఆడపడుచు ‘వాళ్లు నవ్వరు, రాతి మనుషులు, కానీ రైళ్లు మాత్రం సెకను తప్పవు’ అంటుంది. శాకాహారులకు తిండి దొరకదని, నీళ్ల బదులు బీరే తాగుతారని పక్కింటివాళ్లు. నల్లగా ఉన్నవాళ్లను రోడ్డు మీదే కొడతారని యూట్యూబులో ఎవరో. కన్సల్టెన్సీ అతను మాత్రం ‘చదువంతా ఫ్రీ, ఇంగ్లీషు చాలు, పార్ట్‌టైంతో ఖర్చులు వెళ్లిపోతాయి, చదువయ్యాక ఉద్యోగం గ్యారంటీ’ అన్నాడు. మావారు ఇవన్నీ విని వద్దంటున్నారు. అమ్మాయి అలిగి మాట్లాడటం మానేసింది. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం:

టీచర్ గారూ, నమస్కారం.

చాలామంది ‘అందరూ అంటున్నారు’ అని రాసి ఊరుకుంటారు. మీరు మాత్రం ఎవరు ఏమన్నారో విడివిడిగా రాశారు. పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా. దానివల్ల నా పని తేలికైంది. ఒక దేశం గురించి ఎవరైనా ఏదైనా చెప్పినప్పుడు నేను మొదట చూసేది ఆ మాట నిజమా కాదా అని కాదు. చెప్పినవాళ్లు ఆ దేశంలో ఎన్నాళ్లున్నారు, ఏ ఊళ్లో ఉన్నారు, ఆ మాట మనం నమ్మితే వాళ్లకేమైనా వస్తుందా అని చూస్తాను. మీ ఆడపడుచు గారిది పది రోజుల అనుభవం. మీ మరిది గారిది సినిమా అనుభవం. కన్సల్టెన్సీ అతనిది వ్యాపారం.

నేను జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో, ఏడేళ్లున్నాను. ఆ ఏడేళ్లలో చూసినదాన్ని బట్టి ఒకటి చెబుతాను. భయపెట్టే మాటలు విని వెళ్లి దెబ్బతిన్న తెలుగు పిల్లలు నాకు పెద్దగా తగల్లేదు. ఊరించే మాటలు నమ్మి వెళ్లి ఏడ్చినవాళ్లు మాత్రం చాలామంది తగిలారు. చలి చంపేస్తుందని చెబితే పిల్లలు నాలుగు స్వెటర్లు పట్టుకెళతారు, బతికిపోతారు. అంతా ఫ్రీ అంటే చేతిలో డబ్బు లేకుండా దిగుతారు. అందుకే మీ ఇంట్లో అందరూ హిట్లర్ దగ్గర ఆగిపోయారు గానీ, నేను మాత్రం ఆ కన్సల్టెన్సీ అతని దగ్గర మొదలుపెడతాను.

‘ఫ్రీ’ అనే మాటలో నిజం ఉంది. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో 2014 నాటికి అన్ని రాష్ట్రాలూ ట్యూషన్ ఫీజు ఎత్తేశాయి. మీ అమ్మాయి వెళ్లే రాష్ట్రం సాక్సనీ-అన్‌హాల్ట్‌లోనూ మామూలుగా ఫీజు లేదు, సెమిస్టరుకోసారి కొద్దిపాటి రుసుము కడతారు. కానీ అక్కడ చదువు రాష్ట్రాల చేతిలో ఉంటుంది, మన దగ్గర ఇంటర్ బోర్డుల్లాగ. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ 2017 నుంచి మనలాంటి బయటి దేశాల వాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్‌లోని టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి వసూలు మొదలుపెట్టింది. ఇక ప్రైవేటు యూనివర్సిటీలైతే పేరులో జర్మనీ ఉంటుంది గానీ ఫీజు మన మేనేజ్‌మెంట్ కోటాను గుర్తుచేస్తుంది. సీటు ఏ రకం యూనివర్సిటీదో ఆ కాగితం మీద చూసుకోవాలి. మీ అమ్మాయిది ప్రభుత్వ యూనివర్సిటీయే కాబట్టి ఆ దిగులు మీకు లేదు.

అసలు ఖర్చు ఫీజు కాదు, బతకడం. వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి సరిపడా 11,904 యూరోలు వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఉన్న లెక్క ఇది. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది పన్నెండు లక్షలకు పైమాటే. ఆ డబ్బు మీదే, అక్కడికెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున తిరిగి మీ అమ్మాయి చేతికే వస్తుంది. కాకపోతే అందులో హెల్త్ ఇన్సూరెన్సుకే నెలకు 140 యూరోలకు పైన పోతుంది, గది అద్దె పోతుంది. ఇంట్లో టీవీ లేకపోయినా ఇంటికి ఇంత అని నెలకు 18.36 యూరోలు ప్రసార రుసుము కట్టాలి. దీని గురించి మనవాళ్లకెవరికీ ముందు తెలియదు, వెళ్లిన రెండో నెలలో పోస్టులో ఉత్తరం వచ్చాక ఉలిక్కిపడతారు. నలుగురు కలిసి ఒక ఇంట్లో ఉంటే నలుగురికీ కలిపి ఒకటే కట్టొచ్చు. మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పి ఉంచండి.

పార్ట్‌టైంతో ఖర్చులు వెళ్లిపోతాయన్నది సగం మాట. విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది, కానీ పని దొరకాలిగా. సూపర్‌మార్కెట్లో సరుకు సర్దాలన్నా, కేఫ్‌లో కప్పులు కడగాలన్నా పక్కవాడు చెప్పింది అర్థం కావాలి. వాడు చెప్పేది జర్మన్‌లో. అందుకే ‘ఇంగ్లీషు చాలు’ అన్న మాట అన్నిటికంటే ఖరీదైన అబద్ధం. క్లాసులో పాఠం ఇంగ్లీషులోనే జరుగుతుంది, అది నిజం. క్లాసు గది దాటి బయటికొస్తే ఇంటి ఓనరు, డాక్టరు దగ్గర కూర్చునే రిసెప్షన్ ఆవిడ, రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా, అందరూ జర్మన్. నేను వెళ్లిన కొత్తలో పంటినొప్పి వచ్చి, ఏ పన్నో చెప్పడం రాక, వేలితో చూపించి వేరే పన్ను పీకించుకోబోయి తప్పించుకున్నాను. మీ అమ్మాయి జర్మన్‌లో మొదటి మెట్టు ఏ1 పూర్తిచేసిందా? హైదరాబాద్‌లో గోథె-సెంట్రుమ్ ఉంది, ఆన్‌లైన్ క్లాసులూ దొరుకుతాయి. రెండేళ్ల ఎం.ఎస్. అయ్యేసరికి మూడో మెట్టు బీ1 దాటితే ఆ పిల్లకి ఉద్యోగం వెతుక్కోవడం ఒకలా ఉంటుంది, దాటకపోతే ఇంకోలా.

ఉద్యోగం గ్యారంటీ అని ఎవడైనా అంటే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు, ఆ సౌకర్యం గట్టిదే. కానీ 2023, 2024 రెండేళ్లూ వరసగా జర్మనీ ఆర్థిక వ్యవస్థ తగ్గుముఖం పట్టింది. ఫోక్స్‌వాగన్ 2030 లోపు 35,000 ఉద్యోగాలు తగ్గించుకుంటానని 2024 చివర్లో ఒప్పందం చేసుకుంది. మాగ్డెబర్గ్‌కైతే సొంత కథ ఉంది. 2022లో ఇంటెల్ అక్కడ చిప్ ఫ్యాక్టరీలు కడతానని ప్రకటించింది, 2023లో ఆ లెక్కను 30 బిలియన్ యూరోలకు పెంచింది. ఊరంతా ఆశపడింది. 2024లో వాయిదా వేసింది, 2025 జులైలో పూర్తిగా మానుకుంది. ‘ఇంటెల్ వస్తోంది, మాగ్డెబర్గ్ తీసుకో’ అని మన కన్సల్టెన్సీలో ఇంకా ఎవరైనా చెబుతుంటే ఆ బోర్డు పాతది. ఇంజినీర్లకు అక్కడ అవసరం లేదని కాదు, జనాభా ముసలిదైపోతున్న దేశం కాబట్టి అవసరం ఉంటుంది. గ్యారంటీ అన్న ముక్కే పచ్చి అబద్ధం.

ఇంకొకటి, చదువు గురించి ఎవరూ చెప్పనిది. ఫ్రీ కదా అని చదువు కూడా తేలిక అనుకుంటారు. ఒక సబ్జెక్టు మామూలుగా మూడుసార్ల దాకా రాయనిస్తారు. మూడోసారీ పోతే ఆ కోర్సులోంచి పంపేస్తారు, అదే కోర్సు జర్మనీలో ఇంకెక్కడా చదవనివ్వరు. మన సప్లిమెంటరీల అలవాటు అక్కడ పనికిరాదు. మార్కులు కూడా తిరగేసి ఉంటాయి: 1.0 అన్నిటికన్నా మంచిది, 5.0 అంటే ఫెయిలు. అమ్మాయి ఫోన్ చేసి ‘1.3 వచ్చిందమ్మా’ అంటే కంగారుపడకండి, మిఠాయి పంచండి.

ఇప్పుడు మీ ఆడపడుచు గారి రైళ్లు. నవ్వు ఆపుకోలేకపోయాను. జర్మన్ల ముందు ఈ మాట అంటే వాళ్లే పగలబడి నవ్వుతారు, అదీ నవ్వరని పేరుపడ్డవాళ్లు. 2024లో వాళ్ల దూరప్రయాణ రైళ్లలో సుమారు 62 శాతమే సమయానికి వచ్చాయి. అక్కడ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కపెట్టరు, రద్దయిన రైళ్లు ఆ లెక్కలోకే రావు. అన్నీ మినహాయించుకున్నాక కూడా ఇదీ సంగతి. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ ఇద్దరు అపరిచితులు మాట్లాడుకోవడం నేను చూసింది రైలు లేటైనప్పుడే. బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2012 జూన్‌లో తెరుస్తామన్నారు. తెరిచింది 2020 అక్టోబరు 31న. మన పోలవరం గురించి ఎవరైనా జర్మన్ వెక్కిరిస్తే ఈ తేదీ చెప్పమని మీ అమ్మాయికి నేర్పండి.

అయితే మనుషులు మాత్రం టైముకొస్తారు. అది నిజం. పదింటికి రమ్మంటే పదింటికే, పది దాటి ఐదు నిమిషాలకు కాదు. ఆలస్యమైతే ముందే మెసేజి పెట్టాలి. ప్రతిదానికీ టెర్మిన్ కావాలి, అంటే అపాయింట్‌మెంట్. బ్యాంకుకు టెర్మిన్, డాక్టరుకు టెర్మిన్, జుట్టు కత్తిరించుకోవడానికి కూడా. మంచి స్నేహితులు కాఫీ తాగాలన్నా రెండు వారాల ముందు తేదీ అనుకుంటారు. చెప్పాపెట్టకుండా చుట్టపుచూపుగా వెళ్లడమనేది అక్కడ లేదు. మనవాళ్లకు ఇది రాతిగుండెలాగే కనిపిస్తుంది.

నవ్వు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వాళ్లు ఊరికే నవ్వరు. దారిలో ఎదురైన మనిషిని చూసి, లిఫ్టులో, కౌంటరు దగ్గర, అవసరం లేనిదే పెదవి కదలదు. అమెరికా వెళ్లొచ్చిన మనవాళ్లకు ఇది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. కానీ ఒకసారి గుర్తుచేసుకోండి, మన పల్లెటూరి పెద్దమనిషి మాత్రం ముక్కూమొహం తెలియనివాడిని చూసి నవ్వుతాడా? ‘ఎవరబ్బాయివి?’ అని అడుగుతాడు. జర్మన్ అది కూడా అడగడు, అంతే తేడా.

నేనున్న ఇంట్లో కింది వాటాలో ఒక పెద్దావిడ ఉండేది. ఆ ప్రాంతంలో కేర్‌వోఖే అని ఒక ఆచారం ఉంది: వాటాలవాళ్లు వంతులవారీగా వారానికొకరు మెట్లు ఊడవాలి. ఎవరి వంతు వస్తే వాళ్ల తలుపుకు ఒక చిన్న బోర్డు వేలాడదీస్తారు. మొదటి వారమే నేను మర్చిపోయాను. ఆదివారం ఉదయం బెల్లు కొట్టి, మెట్ల మీద దుమ్ము చూపించి వెళ్లిపోయింది. ఇంకో ఆదివారం నేను ఖాళీ సీసాలు గాజు చెత్త వేసే డబ్బాలో వేస్తుంటే కిటికీలోంచి కేకేసింది. ఆదివారం చప్పుడు చేయకూడదు. దుకాణాలు కూడా మూసే ఉంటాయి, ఆదివారం విశ్రాంతి దినమని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. ఈవిడే మీ ఆడపడుచు గారు చెప్పిన రాతి మనిషి అనుకున్నాను.

ఇక్కడ మనకు, అంటే తెలుగువాళ్లకు, ఇంగ్లీషువాళ్లకు లేని ఒక వీలుంది. జర్మన్‌లో మనలాగే ‘మీరు’, ‘నువ్వు’ వేరువేరు. ‘జీ’ అంటే మీరు, ‘డు’ అంటే నువ్వు. ఎప్పుడు దేంట్లోంచి దేంట్లోకి దిగాలన్నది పెద్దవాళ్లు తేలుస్తారు, చిన్నవాళ్లు చొరవ తీసుకోకూడదు. ఆవిడ ఆరేళ్లు నన్ను ‘మీరు’ అనే అంది. ఆరో ఏడు కొత్త సంవత్సరం రాత్రి మెట్ల మీద ఎదురై, తన అసలు పేరు చెప్పి, ‘ఇకనుంచి డు అనుకుందాం’ అంది. వాళ్ల దృష్టిలో అది చాలా పెద్ద మాట. నాకేమో డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని నువ్వు అనడానికి నోరు రాదు. తెల్లారి మళ్లీ ‘మీరు’ అనేసి తిట్టించుకున్నాను. ఆవిడ అప్పుడూ పెద్దగా నవ్వలేదు. మెట్ల వంతు గుర్తుచేయడం కూడా మానలేదు.

ముక్కుసూటితనం గురించి కూడా అమ్మాయిని సిద్ధం చేయండి. ప్రొఫెసరు ‘ఇది తప్పు’ అంటే ఆ కాగితం మీదున్నది తప్పని అర్థం. మనం ఇంటికొచ్చి ‘నేనంటే ఆయనకు పడదు’ అని ఏడుస్తాం. ఆయన అప్పటికే మర్చిపోయి ఉంటాడు.

మీ మరిది గారి హిట్లర్‌కి వద్దాం. ముందు చిన్న దిద్దుబాటు: హిట్లర్ పుట్టింది ఆస్ట్రియాలో, బ్రౌనౌ అనే ఊళ్లో. జర్మనీ పౌరసత్వం 1932లో గానీ రాలేదు. అది అలా ఉంచితే, ఆ పేరును మనం వాడినంత తేలిగ్గా ప్రపంచంలో జర్మన్లే వాడరు. మనకు కఠినంగా ఉండే నాన్న హిట్లర్, డ్రిల్లు మాస్టారు హిట్లర్, చిరంజీవి సినిమా పేరు కూడా హిట్లర్. అక్కడ సరదాకి కూడా ఆ మాట తీయకూడదు. చెయ్యెత్తి ఆ సెల్యూట్ చేస్తే కేసు పెడతారు. బడిపిల్లలను నాటి నిర్బంధ శిబిరాలకు తీసుకెళ్లి చూపిస్తారు. ఊళ్లలో కాలిబాటల మీద అక్కడక్కడ అరచేతంత ఇత్తడి పలకలు మెరుస్తుంటాయి. ఎదురుగా ఉన్న ఇంట్లోంచి నాజీలు ఎవరిని పట్టుకెళ్లారో, వాళ్ల పేరు, పుట్టిన ఏడు, ఎక్కడ చంపారో వాటి మీద చెక్కి ఉంటుంది. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలుపెట్టిన పని అది. 2023 నాటికి యూరప్ అంతా కలిపి అవి లక్ష దాటాయి. చదవాలంటే తల వంచాలి. ఇన్నేళ్ల తర్వాత మనవాళ్లు ఇంకా ‘హిట్లర్ దేశం’ అంటుంటే, వాళ్లు ఆ సంగతి మర్చిపోకుండా ఉండటానికి రోడ్డుమీదే రాసుకున్నారు.

దీంట్లో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. మనింట్లో శుభమని సూట్‌కేసు మీద కుంకుమతో స్వస్తిక్ వేస్తాం. అది వేయకండి. నాజీల గుర్తు అక్కడ చట్టవిరుద్ధం. మతచిహ్నంగా మన స్వస్తిక్ వేరని చదువుకున్నవాళ్లకు తెలుసు, కానీ ట్రాములో పక్కన కూర్చున్నవాడికి తెలియదు, మీ అమ్మాయి దిగిన మొదటిరోజే వాడికి పాఠం చెప్పే ఓపికలో ఉండదు. మెడలో లాకెట్, ఫోన్ కవరు, ల్యాప్‌టాప్ స్టిక్కరు కూడా చూసుకోండి. శ్రీకారం చుట్టండి, ఓం రాయండి.

ఇక యూట్యూబు ఆయన మాట. దీన్ని నేను కొట్టిపారేయను. మిగతావన్నీ నవ్వుతూ రాశాను గానీ ఇది కాదు. మాగ్డెబర్గ్ పాత తూర్పు జర్మనీలో ఉంది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో ఆ రాష్ట్రంలో వలసలను గట్టిగా వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి మూడోవంతుకు మించి ఓట్లు పడ్డాయి. 2024 డిసెంబరు 20న అదే ఊళ్లో క్రిస్మస్ సంతలోకి ఒకడు కారు తోలి ఆరుగురి ప్రాణాలు తీశాడు. వాడు సౌదీ నుంచి వచ్చి స్థిరపడ్డ డాక్టరు. గాయపడినవాళ్లలో మన భారతీయులూ ఉన్నారు. ఆ తర్వాత ఆ ఊళ్లో విదేశీయుల మీద తిట్లు, దాడులు పెరిగాయి. ఇది దాచి మీకు ధైర్యం చెప్పలేను.

అదే సమయంలో, ఆ ఊళ్లో వందలమంది మన పిల్లలు రోజూ ట్రామెక్కి క్లాసుకు వెళ్లొస్తున్నారు, లైబ్రరీలో రాత్రిదాకా కూర్చుంటున్నారు. రోడ్డుమీద కొట్టడమన్నది రోజూ జరిగేది కాదు. నాకు ఏడేళ్లలో ముఖం మీద మాట అనిపించుకున్నది మూడుసార్లు. దానికంటే ఎక్కువగా తగిలింది వేరేది: ఇల్లు వెతికేటప్పుడు ఫోన్‌లో పేరు చెప్పగానే ‘ఇప్పుడే ఇచ్చేశాం’ అనడం. వీడియోల్లో అది కనిపించదు, అందులో చూపించడానికేం ఉంది. అందుకే యూనివర్సిటీ హాస్టల్ గదికి ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. అక్టోబరులో వెళ్లి వెతుక్కుంటాను అంటే ఒప్పుకోకండి. అర్ధరాత్రి స్టేషను దగ్గర తాగి ఉన్న గుంపు కనిపిస్తే ఇంకో దారిన వెళ్లాలి, గుంటూరు స్టేషను దగ్గరైనా అదేగా చెబుతాం. పోలీసులకు 110, అంబులెన్సుకు 112. ఏదైనా జరిగితే చిన్నదని వదిలేయకుండా ఫిర్యాదు చేయమనండి.

నేను స్టుట్‌గార్ట్‌లో ఉన్నప్పుడు అక్కడి జర్మన్లే ‘తూర్పు వైపు వెళ్లకు, వాళ్లు అదో రకం’ అనేవారు. పశ్చిమం వాళ్లు తూర్పువాళ్లను ‘ఒస్సీ’ అంటారు, వాళ్లు వీళ్లను ‘వెస్సీ’ అంటారు. ‘ఒస్సీ’ అన్నవాళ్లలో సగంమంది ఆ వైపు అడుగే పెట్టలేదు. ఢిల్లీలో మనల్ని ‘మద్రాసీ’ అన్నవాళ్లు గుర్తొచ్చారు. జర్మన్ అనగానే మనకు తోచే ఆ తోలు నిక్కరు, లీటరు బీరు గ్లాసు బొమ్మ కూడా బవేరియాది, ముఖ్యంగా మ్యూనిక్ ఉత్సవానిది. మాగ్డెబర్గ్‌లో అది వేసుకుని తిరిగితే అక్కడివాళ్లే వింతగా చూస్తారు.

మన గురించి వాళ్లకూ బొమ్మలుంటాయి మరి. 2000లో వాళ్ల ప్రభుత్వం కంప్యూటర్ నిపుణులకు గ్రీన్‌కార్డు పథకం తెచ్చినప్పుడు, యుర్గెన్ రూట్‌గర్స్ అనే నాయకుడు రాష్ట్ర ఎన్నికల్లో దాన్ని వ్యతిరేకించాడు. ఆ ప్రచారం నుంచి ‘కిండర్ ష్టాట్ ఇండర్’ అనే నినాదం పుట్టింది. కిండర్ అంటే పిల్లలు, ఇండర్ అంటే భారతీయులు. భారతీయులు వద్దు, మన పిల్లలకే నేర్పిద్దాం అని. ప్రాస బాగా కుదిరింది, ఎన్నిక మాత్రం ఓడిపోయాడు. అదే దేశం 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000 దాకా పెంచుతామంది. ఇప్పుడు అక్కడ చదువుకునే విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. మీ అమ్మాయిని ‘మీ పెళ్లి మీ అమ్మానాన్నే చేస్తారా’ అని, ‘ఇండియన్ భాషలో ఏదైనా మాట్లాడు’ అని అడుగుతారు. కోపం తెచ్చుకోకుండా తెలుగులో ఏదో ఒకటి చెప్పమనండి. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న సంభాషణే అవతలి వైపు నుంచి అది.

తిండి గురించి టెన్షన్ పడకండి. సూపర్‌మార్కెట్లో శాకాహారానికి వేరే గుర్తులుంటాయి, ఆసియా దుకాణాల్లో బియ్యం, కందిపప్పు, చింతపండు దొరుకుతాయి. బీరు పదహారేళ్లకే తాగనిస్తారు, నిజమే. మీ పిల్లకి ఎవరూ పట్టి పోయరు. హోటల్లో మంచినీళ్లు మాత్రం ఊరికే ఇవ్వరు, కొనుక్కోవాలి, అడక్కపోతే గ్యాసు నీళ్లు తెస్తారు.

ఇంతకీ మీరు రాయని విషయం ఒకటి నేను గుర్తుచేస్తాను. మాగ్డెబర్గ్ అన్న పేరు మీరు ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పే ఉంటారు. గాలి తీసేసిన రెండు లోహపు అర్ధగోళాలు, అటు ఎనిమిది, ఇటు ఎనిమిది గుర్రాలు, లాగినా విడిపోలేదు. ఆ ప్రయోగం చేసిన ఒట్టో ఫోన్ గేరికె ఆ ఊరి మేయరు, మీ అమ్మాయి యూనివర్సిటీ ఆయన పేరు మీదే ఉంది. ఆ ఊరికి పడమరగా యాభై కిలోమీటర్ల లోపే హెల్మ్‌స్టెడ్ట్ అనే చిన్న పట్నం ఉంది. అక్కడ పుట్టిన హేయర్ చిన్నప్పుడే అమెరికా వెళ్లి, 1842లో లూథరన్ మిషనరీగా గుంటూరు వచ్చాడు. మీరు చదివిన ఏసీ కాలేజీ ఆ లూథరన్ మిషను 1885లో మొదలుపెట్టిందే. దక్షిణంగా రైల్లో గంట ప్రయాణంలో హాలే ఉంది. బెంజమిన్ షుల్జ్ 1746, 47ల్లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించింది అక్కడే, తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వాటినే చెబుతారు. మీ మరిది గారు ఈసారి ‘హిట్లర్ దేశం’ అంటే ఇవి చెప్పి చూడండి. ఒప్పుకోరు. చెప్పినందుకు మీకైతే బాగుంటుంది.

మీవారి సంగతి. ఆయన చుట్టాల మాటలకు భయపడ్డారని మీరు రాశారు. నాకైతే ఆయన భయం పిల్ల దూరమవుతుందనే అనిపిస్తోంది. ఆ మాట అనడం కష్టం, హిట్లర్ పేరు చెప్పడం తేలిక. అమ్మాయిని పిలిచి నాన్నతో కూర్చోమనండి, వాదించడానికి కాదు. నాలుగు ప్రశ్నలకు జవాబులు తెచ్చుకుని రమ్మనండి: బ్లాక్డ్ అకౌంటు డబ్బు అప్పా, మన సొంతమా, మొదటి నెల ఎక్కడ ఉంటుంది, జర్మన్ ఎంతవరకు వచ్చింది, రెండో ఏడాది ఖర్చు పార్ట్‌టైం దొరక్కపోతే ఎలా. వీటికి సమాధానం ఉంటే పంపండి. రెండో ఏడాది ప్రశ్న దగ్గర పిల్ల నీళ్లు నమిలితే, అడ్మిషన్‌ను వచ్చే ఏడాదికి మార్చుకునే వీలుందేమో యూనివర్సిటీకి ఒక ఈమెయిల్ పెట్టి అడగమనండి. ఆ ఏడాదిలో భాష వస్తుంది, డబ్బూ కుదురుతుంది.

సామాను సర్దేటప్పుడు ఒక మాట. గోంగూర, ఆవకాయ, కారప్పొడులు పెట్టొచ్చు. బయటి దేశాల నుంచి పాలతో చేసినవేవీ యూరప్‌లోకి తేనివ్వరు. పూతరేకుల్లో నెయ్యి ఉంటుంది, పాలకోవా అసలే కుదరదు. పచ్చి కరివేపాకు కూడా కాగితాలు లేకుండా రానివ్వరు. కొబ్బరికాయ, అరటిపండ్లు మాత్రం ఏ అభ్యంతరం లేకుండా తీసుకెళ్లవచ్చు, ఎవరు రాశారో గానీ ఆ నిబంధన మన పూజకోసం రాసినట్టే ఉంటుంది. నెయ్యి సీసా మాత్రం, ఎంత మనసు పీకినా, పెట్టకండి.